పైచేతి గాజులు

మెహరున్నీసాకు చెయ్యి అందించిన ఆడమనిషి తన సంగతంతా చెప్పకుండా అంగడి మెట్టు దిగిన దాఖలా ఆదోనిలో లేదు. షరాఫ్ బజారు వెనక సందులో ఆమెది గాజుల అంగడి. అంగడంటే పెద్దదేం కాదు, ఒకరు కూర్చుని ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. గాజు కణుపు దాటేటప్పుడు కాస్త నొప్పి పుడుతుంది కదా, ఆ నొప్పి తెలియకుండా ఉండడానికి ఆమె సరిగ్గా అప్పుడే ఒక ప్రశ్న వేస్తుంది. "మీ అత్త ఇంగా అట్లే ఉండాదా?" అంటుంది. అత్త మాటెత్తితే ఏ కోడలికీ చేతి మీద ధ్యాస ఉండదు. ఆ సందులో గాజు లోపలికి పోతుంది, సంగతి బయటికి వస్తుంది.

మొదట్లో అది పనికోసం పట్టుబడిన విద్యే. పోనుపోను ఆ ప్రశ్నలే ఆమెకు ప్రాణమైపోయాయి. ఎదురింటి కొత్త కోడలు ఏ ఊరిది, పండ్ల బండి ఆయన నిన్న ఎందుకు రాలేదు, మిల్లు మేస్త్రీ కూతురు ఎందుకు అలిగింది, ఇవన్నీ తేలితే తప్ప ఆమెకు రాత్రి అన్నం దిగదు. చెడ్డ బుద్ధి కాదు. ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసే రకమూ కాదు. తెలుసుకోవాలి, అంతే.

అట్లాంటి మనిషిని మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న అడగకూడదు. ఆమె మొగుడు చమన్ దూది బేళ్ళ లారీ తోలుకుని సూరత్ దిక్కు పోయి ఎనిమిదేళ్ళు దాటింది. లారీ తిరిగి వచ్చింది, వేరే డ్రైవరు తెచ్చాడు. మొదటి నెలలో ఒకసారి ఫోను వచ్చింది, ఈడనే పని దొరికింది, వస్తాలే అన్నాడట. ఆ తరువాత మాటా లేదు, మనిషీ లేడు. వెతకాల్సిన వాళ్ళు వెతికారు, అలిసిపోయారు. ఎవరైనా అడిగితే మెహరున్నీసా "రంజాన్‌కొస్తాడు" అనేది. రంజాన్ పోతే "బక్రీద్‌కొస్తాడు" అనేది. అన్నేళ్ళు అదే జవాబు విని విని ఊరు అడగడం మానేసింది. మెడలో నల్లపూసల లచ్చా, చేతులకు గాజులు, ముఖాన నవ్వు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఇప్పుడు చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఎమ్మిగనూరులో ఇమాం సాబ్ అని ఒకాయన ఉన్నాడు. పరుపుల అంగడి. భార్య పోయింది, కూతురిని బళ్ళారికి ఇచ్చాడు. నిదానస్తుడు. ఆయన అదే ఊళ్ళో ఉన్న మెహరున్నీసా అక్క నూర్ బీ ఇంటికి వెళ్ళి, మీ చెల్లెల్ని నిఖా చేసుకుంటానని మర్యాదగా అడిగాడు. అది రెండు నెలల కిందటి మాట. ఖాజీ సాబును అడిగితే దారి ఉందన్నాడు. మొగుడు కనిపించకుండా పోయి ఇన్నేళ్ళైంది కాబట్టి, ఆమె వచ్చి తన నోటితో "నా భర్త ఉన్నాడో లేడో నాకు తెలియదు" అని చెబితే పాత నిఖా రద్దవుతుంది, కొత్తది చేసుకోవచ్చు.

ఆ ఒక్క మాటే మెహరున్నీసాకు నోట రాలేదు. ఆ మాట అంటే తన చేత్తో తానే చమన్‌ను మట్టిలో పెట్టినట్టని ఆమె భయం. ఊళ్ళో వాళ్ళందరి మొగుళ్ళ సంగతులూ తెలిసిన మనిషికి తన మొగుడి సంగతి తెలియదని ఒప్పుకోవడం ఇంకో అవమానం. అందుకని అక్క అడిగినప్పుడల్లా ఏదో ఒక పని మీద లేచిపోయేది. ఇమాం సాబ్‌కూ ఒక గడువు వచ్చి పడింది. ఒంటరిగా ఎందుకుంటావు, అంగడి మూసి నా దగ్గరికి రా అని కూతురు పట్టుబట్టింది. ఆయన నూర్ బీతో ఇట్లా అన్నాడు: "ఔనన్నా సరే, కాదన్నా సరేనమ్మా. ఆమె నోటితో ఒక మాట రావల్ల. ఆదివారం సాయంత్రం మీ ఇంటికొస్తా. ఏ మాటా ల్యాకుంటే బళ్ళారి పోతా."

నూర్ బీ కూతురు ఫర్హానా ఆదోనిలో తన ఖాలా, అంటే పిన్నమ్మ మెహరున్నీసా దగ్గరే ఉండి డిగ్రీ చదువుతోంది. ఆదివారం సాయంత్రానికి ఖాలాను ఎట్లాగైనా ఎమ్మిగనూరుకు పట్టుకు రమ్మని తల్లి ఆమెకు పురమాయించింది. నేరుగా రమ్మంటే ఖాలా వస్తుందా? అప్పుడే ఫర్హానా ఫోనులో జయరాం ప్రకటన కనబడింది. ఎమ్మిగనూరు కుర్రాడు జయరాం టెంపో వ్యాను కొని, ఆదివారాల్లో జనాన్ని చుట్టుపక్కల చూపించుకొస్తున్నాడు. ఈ వారం కృష్ణగిరి అవతల నెమలిగుట్ట మీదున్న సుగాలి తండా. వాళ్ళ ఇళ్ళు, వాళ్ళ వంట, వాళ్ళ ఆట, వాళ్ళ బట్టలు కట్టుకుని ఫోటో. తిరిగొచ్చేటప్పుడు ఎమ్మిగనూరులో దిగొచ్చు.

"సుగాలోళ్ళ తావకా?" అంది మెహరున్నీసా, చేతిలోని గాజుల మలారం కింద పెట్టి. గాజుల వరుసలు చాప మీద గలగలమన్నాయి. సంతరోజుల్లో సుగాలి ఆడవాళ్ళు ఆదోని వీధుల్లో పోతుంటే ఆమె మెడ చాచి చూసేది. భుజాల దాకా తెల్లటి గాజులు, అద్దాల రవికెలు. వాళ్ళు ఆమె అంగడికి ఎన్నడూ రాలేదు. ఆ గాజులు ఎవరు చేస్తారో, మోచేతి మీదుగా ఎట్లా ఎక్కిస్తారో, రాత్రి పడుకునేటప్పుడు తీస్తారో లేదో ఆమెకు ఇన్నేళ్ళుగా అంతు చిక్కలేదు. "నువ్వు మోసం జేసి నన్ను మీ అమ్మ దగ్గర దించుతావని నాకు తెల్సులే. అయినా వస్తా," అంది. ఆమె ఆశ ముందు ఆమె జాగ్రత్త ఎప్పుడూ ఓడిపోయేది.

టెంపోలో ఆదోని నుంచి వీళ్ళిద్దరే ఎక్కారు. ఎమ్మిగనూరులో ఇంకో నలుగురు ఎక్కారు, వాళ్ళలో ఉరుకుందప్ప అనే రిటైరైన డ్రాయింగు మాస్టారు మెడలో కెమెరాతో ముందు సీటులో కూర్చున్నాడు. గోనెగండ్ల దాటి కోడుమూరు చేరేలోపల మాస్టారికి ఎంతమంది పిల్లలో, పెద్దకొడుకు ఎందుకు మాట్లాడడో మెహరున్నీసాకు తెలిసిపోయింది. కృష్ణగిరి దాటాక తారు రోడ్డు పోయి ఎర్రమట్టి బాట వచ్చింది. రెండు వైపులా ఆముదం, కంది. తరువాత ఆ చేలు కూడా పోయి రాళ్ళు, తంగేడు పొదలు, ఎక్కుడు మిగిలాయి. గుట్ట సగంలో వ్యాను ఆపి, ఇక నడవాలన్నాడు జయరాం.

పైకి చేరేసరికి ఉరుకుందప్ప మాస్టారు ముఖం చిన్నబోయింది. ఆయన గడ్డి గుడిసెలు ఉంటాయనుకున్నాడు. ఉన్నవి సిమెంటు ఇళ్ళు, మిద్దెల మీద టీవీ గొడుగులు. అరుగుల మీద ఆడవాళ్ళు నైటీల్లో కూర్చుని శెనక్కాయలు వలుస్తున్నారు. "అద్దాల బట్టలు యాడ జయరామూ?" అని మాస్టారు నిష్ఠూరంగా అడిగాడు. "సార్, అవి పెట్టెలో ఉండాయి సార్. దినమ్మూ అవి కట్టుకొని పన్లు సేసుకుంటారా ఎవురన్నా? మీరు దినమ్మూ పట్టుపంచ కట్టుకుంటారా?" అన్నాడు జయరాం. మాస్టారు కెమెరా మూత తీసి కొండవైపు తిప్పుకున్నాడు.

మెహరున్నీసాకు గుడిసెలతో పనేముంది? మనుషులున్నారు కదా. అరుగు మీద చనువుగా కూర్చుని తనూ నాలుగు కాయలు వలవడం మొదలుపెట్టింది. నీళ్ళు యాడ్నించి తెస్తారు, ఎండాకాలం ఏం జేస్తారు, మీ మాట మీ పిల్లోళ్ళకు వస్తుందా, పెండ్లిలో ఏం వండుతారు అని ఒకదాని వెనక ఒకటి. వాళ్ళు ఒకటికి జవాబు చెప్పి రెండు ఎదురు అడిగారు. అది ఆమెకు అలవాటు లేని వ్యవహారం.

"ఈ నల్లదానికి లోపల జేబుండాదా?" అని ఒక ఆమె బురఖా అంచు పట్టుకుని అడిగింది.

"ఉండాది. సూడు," అని మెహరున్నీసా జేబు తిప్పి చూపించింది. అందులో వక్కపొడి, అంగడి తాళం చెవి, ఒక చాక్లెట్టు ఉన్నాయి.

"ఎండకు ఉడకదా?"

"ఉడుకుతాది. మీ అద్దాల రవికె మటుకు సల్లగుంటాదా?"

అందరూ పకపకా నవ్వారు. ఫర్హానాకు ఆశ్చర్యమేసింది. చూడడానికి వచ్చింది తామైతే, తండా ఆడవాళ్ళు తమనే చుట్టూ తిరిగి చూస్తున్నారు. ఒక పాప ఆమె కాలేజీ బ్యాగు జిప్పు తీసి మళ్ళీ వేసి చూసుకుంటోంది.

బట్టల ముచ్చట కేస్లీబాయి ఇంట్లో. అరవై దాటిన మనిషి, నోట్లో పైపండ్లు లేవు, తండా అంతటిలో ఇప్పటికీ అద్దాల రవికె, రంగుల లంగాతో తిరిగేది ఆమే. మగవాళ్ళు బయటే ఉండాలని చెప్పి తలుపు దగ్గరగా వేసింది. లోపల ఆడవాళ్ళే, కేస్లీబాయి ఇద్దరు కోడళ్ళు, చుట్టుపక్కల నుంచి చూడడానికి వచ్చిన మరో అరడజను మంది. ఇనుప పెట్టె తెరిచి కోడళ్ళు బట్టలు తీశారు. మెహరున్నీసా బురఖా విప్పి, చీర మీదనే లంగా కట్టించుకుని, రవికె తొడుక్కుంది. ఒళ్ళంతా అద్దాలు. ఆమె అటూ ఇటూ ఊగి చూసుకుని చిన్నపిల్లలా మురిసింది.

కేస్లీబాయి మొదట ఫర్హానా దగ్గరికి వెళ్ళి, పెండ్లైందా అని అడిగి, కాలేదంటే మోచేతి కింద వరకే గాజులు వేస్తోంది. మెహరున్నీసా ఆ మాటలు వినలేదు. ఆమె కళ్ళు పెట్టెలో కట్టగా ఉన్న తెల్లగాజుల మీద ఉన్నాయి. చేతిలోకి తీసుకుని గోటితో తట్టింది. ప్లాస్టిక్కే, కానీ మంచి రకం. కింద సన్నవి, పైకి పోయేకొద్దీ వెడల్పు. ఓహో, ఇట్లానా మోచెయ్యి దాటేది! ఇన్నేళ్ళ సందేహం తీరిపోయింది. ఇక ఆమెలోని పనిమంతురాలు ఊరుకుంటుందా? బొటనవేలు లోపలికి మడిచి, కణుపు నొక్కి, ఒకటి, మరొకటి, ఆగకుండా సర్రుసర్రున ఎక్కించేసింది. మోచెయ్యి కాస్త వంచి, చర్మం కిందికి లాగి, పైగాజులూ భుజం దాకా తోసేసింది. చెయ్యి పైకెత్తి ఆడించి చూపించింది. ఎవరి సాయమూ లేకుండా అంత వేగంగా తొడుక్కోవడం తండాలో ఎవరూ చూడలేదు. కోడళ్ళు చప్పట్లు కొట్టారు.

"యాడ నేర్సినావే!" అంది కేస్లీబాయి నోరు తెరిచి.

"గాజులే నా బతుకు," అంది మెహరున్నీసా గర్వంగా. అప్పుడే ఆమె చూపు కేస్లీబాయి చేతి మీద పడింది. మోచేతి కింద గాజులున్నాయి, పైన లేవు. పైచేతి మీద మాత్రం ఏళ్ళ తరబడి గాజులు ఒరుసుకున్న చారలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఇట్లాంటిది కంటపడ్డాక ఆమె అడగకుండా ఎట్లా ఉంటుంది? "మరి నీ పైసేతికి ల్యావే? ఏసుకుంటాండినట్ల గుర్తులుండాయి గదా?"

"ఆయప్ప పోయినాడు గదమ్మా. మా దాంట్లో మగడుంటేనే పైవి. పోతే పైవి తీసేస్తాం, కిందివి ఉంటాయి," అని కేస్లీబాయి మామూలుగా చెప్పింది. మెహరున్నీసా చేతిని భుజం నుంచి మణికట్టు దాకా తడిమి చూసింది. "నువ్వు పైదాకా ఏసుకున్నావు. బాగుండాడా మీ ఆయప్ప?"

ఫర్హానా చటుక్కున ఖాలా వైపు చూసింది.

"బాగుండాడు," అనేసింది మెహరున్నీసా. అలవాటున నోట వచ్చేసిన మాట అది.

"ఏం జేస్తాడు?"

"లారీ తోల్తాడు."

"ఇప్పుడు ఇంటికాడ ఉండాడా?"

"ల్యాడు. బాడిగకు పోయినాడు."

"ఎప్పుడు పోయినాడు?"

ఆదోనిలో అయితే ఈ ప్రశ్న దాకా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. అందరికీ తెలుసు కాబట్టి అందరూ మొదటి మాట దగ్గరే ఆగిపోయేవాళ్ళు. ఈ గుట్ట మీద ఎవరికీ ఏమీ తెలియదు. ఆగాల్సిన అవసరమూ లేదు. మెహరున్నీసా మేనకోడలి వైపు చూసింది. ఫర్హానా తల వంచుకుని తన గాజులు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది.

"శానా దినాలైంది."

"శానా అంటే? దసరాకు ముందరనా?"

"ఏండ్లు," అంది మెహరున్నీసా.

ఆడవాళ్ళు వాళ్ళ భాషలో గబగబా ఏదో అనుకున్నారు. చిన్నకోడలు ముందుకు జరిగి కూర్చుంది. ఆమె ముఖంలో జాలి లేదు, ఎగతాళి లేదు. ఉత్త ఆరాటం. "ఫోను జేస్తాడా అక్కా?"

"ల్యా."

"మనిసితో ఏమన్నా సెప్పంపుతాడా?"

"ల్యా."

"మరి బాగుండాడని నీకెట్ల తెల్సు?"

మెహరున్నీసాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ అడిగే తీరు ఆమెకు బాగా తెలుసు, అది అచ్చం ఆమెదే. ఆ పిల్ల స్థానంలో తానుంటే ఈపాటికి ఇంకో మూడు అడిగి ఉండేది. ఎదుటి మనిషి తప్పించుకుంటుంటే అడిగేవాళ్ళకు ఎంత స్పష్టంగా కనబడిపోతుందో ఆమెకంటే ఎవరికి తెలుసు? రంజాన్, బక్రీద్ అని ఇన్నేళ్ళు చెప్పిన కబుర్లు ఊరు నమ్మలేదని, దయతలచి ఊరుకుందని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. సిగ్గేసింది. సిగ్గు వెనకే ఏడుపు వచ్చింది.

"నాకు తెలీదు," అంది. "ఉండాడో ల్యాడో నాకు తెలీదు."

అని, కళ్ళు మూసుకుంది. ఏదో జరుగుతుందనుకుంది. ఏమీ జరగలేదు. బయట ఒక మేక అరిచింది. ఉరుకుందప్ప మాస్టారు ఎవరినో కాస్త పక్కకు జరగమంటున్నాడు. కన్నీళ్ళు బుగ్గల మీద నుంచి అద్దాల రవికె మీద పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు. గుండె బరువు మాత్రం నిజంగానే తగ్గింది. అంత సులువుగా తగ్గుతుందని తెలిస్తే ఎప్పుడో అనేసేదాన్నే అనుకుని, ఏడుస్తూనే తన మీద తనకు ఒళ్ళుమండింది.

కేస్లీబాయి నాలుక చప్పరించింది. "అట్లనా. మరి గాజులెట్ల?"

ఆ మాటతో ఇంట్లో పెద్ద వాదన లేచింది. తీసెయ్యాలని ఒకామె అంది. మనిషి ఉన్నాడేమో, తీస్తే తప్పు కదా అని చిన్నకోడలు అంది. సగం ఉంచి సగం తీస్తే సరిపోతుందని వెనకనుంచి ఎవరో అంటే, అందరూ దాని మీద పడి నవ్వారు. మెహరున్నీసా ముక్కు చీదుకుంటూ ఆ వాదన ఆసక్తిగా వినసాగింది. ఆమె స్వభావం అంతే, ఏడుపులో కూడా చెవులు పనిచేస్తూనే ఉంటాయి.

"మాకు రెండే దావలమ్మా," అని చివరికి కేస్లీబాయి తేల్చేసింది. "ఉంటే పైన, పోతే కింద. తెలీకపోతే ఏం జెయ్యల్లో మా పెద్దోళ్ళు సెప్పలే. నీ సెయ్యి, నీ ఇష్టం. ఫోటోకే అయితే ఉంచుకో."

ఉంచుకుంటే ఉంచుకోవచ్చు. ఇంతమందిలో ఎవరూ ఏమీ అనుకోరు. మెహరున్నీసా చెయ్యెత్తి చూసుకుంది. "వద్దులే. తీస్తా," అంది.

వేయడం వచ్చినంత బాగా ఆమెకు తీయడం రాలేదు. అంగడికి వచ్చేవాళ్ళు తొడిగించుకుంటారు కానీ తీయించుకోరు. భుజం దగ్గరి గాజు మోచేతి దగ్గర ఇరుక్కుని కదలనంది. పెద్దకోడలు దోసిట్లో ఆముదం తెచ్చి ఆమె చేతికి రాసింది. మెహరున్నీసా ఒక్కొక్కటే నెమ్మదిగా దించుతుంటే, చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఊరికే ఉండలేదు.

"మీ సాయిబుల్లో ఇట్లాంటప్పుడు మళ్ళీ సేసుకోకూడదా?" అని చిన్నకోడలు అడిగింది.

"సేసుకోవచ్చు. ఖాజీ సాబ్ తావకు పోవల్ల. పోయి, ఉండాడో ల్యాడో తెలీదని సెప్పల్ల."

"ఇప్పుడు సెప్పినావు గదా మాకు. ఆడ గూడా ఇట్లే సెప్పు, ఇంగేమి?"

మెహరున్నీసా చెయ్యి ఆగింది. నిజమే, ఇంకేమి? రెండు నెలలు నిద్ర పోగొట్టుకున్న మాట వీళ్ళకు ఇంత చిన్నగా ఎట్లా కనిపించిందో ఆమెకు అర్థం కాలేదు.

"ఎవురన్నా అడిగినారా నిన్ను?" కేస్లీబాయి ప్రశ్న ఇది.

ఫర్హానా తల ఎత్తింది. మెహరున్నీసా ఆ పిల్ల వైపు చూడకుండా, గాజును తుడుస్తున్నట్టు నటిస్తూ, "అడిగినాడు ఒకాయన," అంది.

ఇక చూసుకోండి. మూల కూర్చున్నవాళ్ళు కూడా లేచి దగ్గరికి వచ్చారు.

"ముసిలోడా?"

"ముసిలోడేం కాదు. నాకన్నా పదేండ్లు పెద్ద ఉంటాడు."

"పండ్లుండాయా?" అని పండ్లులేని కేస్లీబాయి అడిగింది.

"ఉండాయి. సూసినా."

"తాగుతాడా?"

"టీ తాగుతాడు. శానా తాగుతాడు. పొద్దున అంగడి తెరిసే లోపలే రెండు సార్లు అవుతాది. సక్కెర తక్కువ."

"ఏం యాపారం?"

"పరుపులు. దూది ఏకే మిషన్ పెట్టుకున్నాడు. కనుబొమ్మల మీద పింజెలు పడి ఉంటాయి, తుడుసుకోడు. ఎవురూ సెప్పేవాళ్ళు ల్యారు గదా, పాపం. శుక్రవారం మద్యాన్నం అంగడి మూసి మసీదుకు పోయి, వచ్చేటప్పుడు వీధి సివరి పిచ్చామెకు రొట్టె ఇచ్చొస్తాడు. పెండ్లాం ఉన్నెప్పుడు ఆమెను ఏకవచనంతో పిలిసిందే ల్యాదంట. కోపమొస్తే మాట్లాడడు, మిషన్ గట్టిగా తిప్పుతాడు."

ఇమాం సాబ్ పేరెత్తితే లేచిపోయే ఖాలాకు ఇన్ని సంగతులు ఎట్లా తెలిశాయి? ఎవరిని అడిగింది? ఎమ్మిగనూరు నుంచి గాజులకు వచ్చిన ఏ చెయ్యినీ వదలలేదన్నమాట! రెండు నెలలు ఇంట్లో నోరు మూసుకుని, అంగట్లో మాత్రం ఆ మనిషి కనుబొమ్మల దాకా ఆరా తీసింది.

చివరి పైగాజు మోచెయ్యి దాటి వచ్చింది. మెహరున్నీసా అన్నిటినీ ఆముదం పోయేలా లంగా అంచుతో తుడిచి కేస్లీబాయి ఒడిలో పెట్టింది. కిందివి ఉండనిచ్చింది.

"ఇన్ని అడిగి తెలుసుకున్నావు గదా," అంది కేస్లీబాయి, గాజులు మళ్ళీ కట్ట కడుతూ. "ఇష్టమేనా మరి నీకు?"

ఈ ప్రశ్నను మెహరున్నీసా తన అంగట్లో ఎంతమంది పెళ్ళికూతుళ్ళను అడిగిందో లెక్కలేదు. తనను అడిగినవాళ్ళు మాత్రం లేరు. చమన్‌తో నిఖా అయినప్పుడు ఆమెకు పదహారేళ్ళు, అప్పుడూ ఎవరూ అడగలేదు. అక్క అడిగింది నిఖాకు ఒప్పుకుంటావా లేదా అని, ఖాజీ అడిగేది మొగుడి మాట. ఇష్టమా అని అడిగింది ఈ పళ్ళులేని మనిషే.

"ఇష్టమే," అంది. చెవులు ఎర్రబడ్డాయి. "శానా ఇష్టమే."

కోడళ్ళు ఈలలు వేసినంత పని చేశారు. ఆ గోలలో మెహరున్నీసా తల తిప్పి, మేనకోడలు ఏడుస్తూ నవ్వుతుండడం చూసింది.

"ఏమట్ల సూస్తావు? మీ అమ్మకు ఫోన్ జెయ్యి."

"ఈడ సిగ్నల్ ల్యాదు ఖాలా."

"అయితే కిందికి పోదాం పా."

గబగబా బురఖా చంకన పెట్టుకుని తలుపు తీసి బయటికి నడిచింది. "ఓ సాయిబులమ్మా, నా లంగా!" అని వెనకనుంచి కేస్లీబాయి కేకపెట్టింది. మెహరున్నీసా నాలుక కరుచుకుని వెనక్కి పోయి, బట్టలు మార్చుకుని, కేస్లీబాయి రెండు చేతులూ పట్టుకుని కాసేపు నొక్కింది. ఆ చేతుల కొలత ఏమిటో ఆమెకు తెలిసిపోయి ఉంటుంది, కానీ గాజుల మాట ఎత్తలేదు.

"అక్కా, ఇంగా భోజనముండాది, ఆట ఉండాది," అని జయరాం ఆందోళనగా ఎదురొచ్చాడు.

"మీరు సూడండప్పా. మేము వ్యాను తావ ఉంటాం," అంటూనే ఆమె దిగుడు పట్టింది.

ఫర్హానా ఫోను పైకెత్తి పట్టుకుని ముందు నడిచింది. మెహరున్నీసా రాళ్ళ మీద జారుతూ, తంగేడు కొమ్మలు పట్టుకుంటూ, వచ్చిందా, ఇప్పుడొచ్చిందా అని అడుగడుగునా అడుగుతూ దిగింది. వ్యాను కనబడే మలుపులో ఫోను టింగుమంది. అవతల నూర్ బీ "ఏమే, యాడుండారు? ఆయప్పకు ఏం సెప్పల్ల?" అంటుండగానే మెహరున్నీసా ఫోను లాక్కుంది.

"ఆపా, నువ్వేం సెప్పొద్దు," అంది రొప్పుతూ. "ఖాజీ సాబ్ రేపు ఉంటాడేమో కనుక్కో, అంతే. ఇమాం సాబ్ వస్తే టీ ఇచ్చి కూసోబెట్టు. ఎంత ఆలస్యమైనా పోనియ్యొద్దు. నేనొచ్చి నా నోటితోనే సెప్తా."